పొరుగు పళ్ళ మీద వంతెన

నోట్లో ఒక పన్ను పోయినప్పుడు ఆ ఖాళీని పూరించడానికి దంతవైద్యులు తరచుగా సూచించే పద్ధతుల్లో బ్రిడ్జి ఒకటి. పేరుకు తగ్గట్టే అదొక వంతెన. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను స్తంభాలుగా చేసుకొని, వాటి మధ్య ఒక కృత్రిమ దంతాన్ని నిలబెట్టే నిర్మాణం. రాత్రి తీసి గిన్నెలో పెట్టుకొనే కట్టుడు పళ్ళలా కాక, ఇది సిమెంటుతో అతుక్కొని నోట్లోనే ఉండిపోతుంది. ఎముకకు శస్త్రచికిత్స అక్కరలేదు. మూడు నాలుగు సార్లు డాక్టరు దగ్గరకు వెళ్తే పని పూర్తవుతుంది. ఈ సౌకర్యాల వల్లనే దానికంత ఆదరణ. అయితే ఏ వంతెన బరువైనా చివరికి మోసేది స్తంభాలే. ఒక పంటి లోటు తీర్చడానికి దాని ఇరుగుపొరుగు పళ్ళు ఎంత మూల్యం చెల్లిస్తున్నాయన్నది బ్రిడ్జి విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. గత 70 ఏళ్ళలో ఈ రంగంలో వచ్చిన మార్పుల్లో ముఖ్యమైనవి ఆ మూల్యాన్ని తగ్గించడానికి జరిగిన ప్రయత్నాలే.

ఖాళీ ఏం చేస్తుంది?

పన్ను దవడ ఎముకలో మేకులా దిగగొట్టినది కాదు. దాని వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు మందం గల నారల పొర ఒకటి ఉంటుంది. పన్ను ఆ నారల మీద వేలాడుతూ ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని ఆ పొర కొంత పీల్చుకొని ఎముకకు అందిస్తుంది. అన్నంలో రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోవడానికి కారణం ఈ పొరలోని నాడుల కొసలే.

ఇలా వేలాడే పళ్ళు ఒకదాన్నొకటి ఆనుకొని, ఎదుటి వరుసతో ఒత్తుకొని తమ స్థానాల్లో నిలుస్తాయి. మధ్యలో ఒకటి పోతే పక్క పళ్ళు ఖాళీ వైపు ఒరగవచ్చు. పైనో కిందో ఎదురుగా ఉన్న పన్ను, ఆపేది లేక, మెల్లగా సాగి బయటికి రావచ్చు. వేరు లేని చోట ఎముక కరగడం మొదలవుతుంది. ఆ కరుగుదల మొదటి ఏడాదిలోనే ఎక్కువ.

ఇవన్నీ ప్రతి నోట్లోనూ ఒకే తీరుగా జరగవు. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నుడ్ కైసర్ 1981లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో ఒక మలుపు. వెనక దవడ పళ్ళు కొన్ని పోయినా, ముందు పళ్ళూ వాటి పక్కనున్న చిన్న దవడ పళ్ళూ గట్టిగా ఉంటే చాలామంది ఇబ్బంది లేకుండా నమలగలరని ఆయన చూపాడు. ప్రతి ఖాళీనీ పూరించి తీరాలన్న నియమం అక్కడితో సడలింది. ఖాళీని ఖాళీగా వదిలి, ఏడాదికోసారి పరీక్షించుకోవడం కూడా ఒక చికిత్సా నిర్ణయమే.

బంగారు పట్టీ నుంచి పింగాణీ దాకా

పక్క పళ్ళను ఆధారంగా వాడుకోవడం పాత ఆలోచనే. ఇటలీలో రోమన్లకు ముందు వర్ధిల్లిన ఎట్రస్కన్ల సమాధుల్లో, పళ్ళ చుట్టూ సన్నని బంగారు పట్టీలు తొడిగి, మధ్యలో మరో పంటిని బిగించిన అమరికలు దొరికాయి. వాటిలో పళ్ళను చెక్కలేదు, కట్టారు. నమలడానికన్నా అలంకారానికే అవి ఎక్కువగా పనికివచ్చి ఉంటాయని చరిత్రకారుల అభిప్రాయం.

ఇప్పుడు తెలిసిన బ్రిడ్జి ఇంటింటి మాట కావడానికి 20వ శతాబ్దపు రెండు సాంకేతిక మార్పులు తోడ్పడ్డాయి. 1957లో జాన్ బోర్డెన్ గాలితో తిరిగే డ్రిల్లును మార్కెట్లోకి తెచ్చాడు. నిమిషానికి 2 లక్షలకు పైగా చుట్లు తిరిగే ఆ పరికరం శరీరంలోకెల్లా గట్టి పదార్థమైన ఎనామెల్‌ను నిమిషాల్లో అరగదీసింది. 1962లో లోహపు తొడుగు మీద పింగాణీని కాల్చి అతికించే విధానానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. లోహపు బలమూ పంటి రంగూ ఒకే వస్తువులో కుదిరాయి. పంటిని చెక్కడం సులువైంది, చెక్కినదాన్ని అందంగా కప్పడమూ సులువైంది. చెక్కడానికి జంకవలసిన అవసరం కూడా దాంతో తగ్గిపోయింది.

దూలం లెక్క

మామూలు బ్రిడ్జిలో మూడు భాగాలుంటాయి. ఆధార దంతాల మీద తొడిగే క్యాపులు రెండు. వాటి మధ్య వేరు లేకుండా వేలాడే కృత్రిమ దంతం ఒకటి. దంతవైద్యులు దాన్ని పాంటిక్ అంటారు. లాటిన్‌లో వంతెనకు వాడే మాట నుంచి వచ్చిన పేరది. జంతిక కొరికినప్పుడు పాంటిక్ మీద పడ్డ బరువు రెండు పక్కల వేళ్ళకూ చేరుతుంది. మూడు పళ్ళు మోయవలసినదాన్ని ఇక రెండే మోయాలి.

ఖాళీ పెరిగిన కొద్దీ పరిస్థితి ఇంకా వేగంగా విషమిస్తుంది. ఇంజనీరింగ్ చదివినవారికి పరిచయమైన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: దూలం వంపు దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఒక పాంటిక్ బదులు రెండుంటే వంపు 8 రెట్లు, మూడుంటే 27 రెట్లు. వంపు ఎక్కువైతే పింగాణీ చిట్లుతుంది, లేదా ఒక పక్క సిమెంటు వీడుతుంది. అదే దూలం మందాన్ని రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కానీ నోట్లో అంత మందానికి చోటుండదు.

ఆధార దంతాల వేళ్ళ ఉపరితల వైశాల్యం, పోయిన పళ్ళ వేళ్ళ వైశాల్యానికి తక్కువ కాకూడదని 1926లో ఇర్విన్ ఆంటె ఒక నియమం చెప్పాడు. దశాబ్దాల పాటు దంతవైద్య విద్యార్థులు దాన్ని సిద్ధాంతంలా నేర్చుకున్నారు. తరువాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో నైమన్, లిండే ప్రభృతులు చిగుళ్ళ జబ్బుతో ఎముక బాగా తగ్గిన పళ్ళ మీద కూడా బ్రిడ్జిలు కట్టి చూశారు. జబ్బును అదుపు చేసి, నోటిని శుభ్రంగా ఉంచినంత కాలం అవి నిలిచాయి. వైశాల్యపు లెక్క కన్నా చిగుళ్ళ ఆరోగ్యమే ముఖ్యమని తేలింది. మధుమేహం అదుపులో లేనివారిలో చిగుళ్ళ జబ్బు తీవ్రమవుతుంది కనుక, అటువంటివారు బ్రిడ్జికి ముందే ఈ సంగతి ఆలోచించాలి.

తిరిగి మొలవనిది

ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామెల్‌ను తయారుచేసిన కణాలు పన్ను మొలిచేనాటికే నశిస్తాయి. కాబట్టి అరగదీసిన ఎనామెల్ మళ్ళీ రాదు. చుట్టూ క్యాపు తొడగాలంటే పంటి పైభాగం బరువులో 63 నుంచి 72 శాతం దాకా పోతుందని ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ 2002లో ప్రకటించిన కొలతల్లో తేలింది. పక్క పళ్ళు ఇదివరకే పుచ్చి, పెద్ద ఫిల్లింగులతో ఉంటే వాటికి ఎలాగూ క్యాపులు కావాలి. అప్పుడు బ్రిడ్జి వల్ల అదనపు నష్టం తక్కువ. ఆ రెండూ మచ్చలేని పళ్ళయితే మాత్రం, ఒకదాని కోసం రెండింటిని సగానికి పైగా చెక్కినట్టే.

అలా చెక్కిన పళ్ళలో కొన్నింటికి లోపలి నాడి ఏళ్ళ తరువాత చచ్చిపోయి, రూట్ కెనాల్ అవసరమవుతుంది. క్యాపు అంచు దగ్గర చేరిన ఆహారం కింద పిప్పి మొదలై, పైకి కనబడకుండానే ముదురుతుంది. అయినా బ్రిడ్జిని తీసిపారేయవలసిన చికిత్స అనడానికి వీల్లేదు. అనేక అధ్యయనాలను క్రోడీకరించి 2007లో పియెటుర్సన్ బృందం వేసిన అంచనా ప్రకారం, రెండు వైపులా ఆధారం ఉన్న బ్రిడ్జిల్లో 89.2 శాతం పదేళ్ళ తరువాత కూడా నోట్లోనే ఉన్నాయి. ఇంప్లాంట్ మీద నిలిపిన ఒంటి క్యాపుల విషయంలో ఆ అంకె 89.4. నిలకడలో తేడా లేనప్పుడు, తేడా అంతా పక్క పళ్ళకు జరిగే నష్టంలోనే ఉంది.

అతికించే వంతెన

చెక్కకుండా అతికించే ఉపాయానికి మూలం రంగుల పరిశ్రమలో ఉంది. లోహానికి రంగు బాగా పట్టడానికి ముందుగా ఆమ్లంతో గరుకు చేసేవారు. అమెరికాలోని రాచెస్టర్ నగరంలో మైకెల్ బ్యూనొకోర్ అదే పనిని ఎనామెల్ మీద చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి కడిగిన పంటికి రెసిన్ గట్టిగా అంటుకుంటుందని 1955లో ప్రకటించాడు. 1973లో ఫ్రాన్స్‌లో రోషెట్ చిల్లులున్న లోహపు రేకును ముందు పళ్ళ వెనకవైపు అతికించాడు. 1980ల మొదట్లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లివడిటిస్, థామ్సన్ లోహాన్ని విద్యుత్తు సాయంతో గరుకు చేసి, చిల్లులు అక్కరలేకుండా చేశారు. ఆ విధంగా తయారైన అమరికలకు మేరీలాండ్ బ్రిడ్జి అన్న పేరు స్థిరపడింది.

ఇవి తరచుగా ఊడిపోతాయన్న అపవాదు చాలాకాలం ఉండేది. రెండు పళ్ళకు అతికించినప్పుడు, అవి నమిలే వేళ వేరువేరు దిక్కుల్లో కదిలి, ఒక అతుకు వీడేది. రెండోది పట్టుకొని ఉండటంతో ఆ సంగతి తెలిసేది కాదు. వీడిన రెక్క కింద పన్ను పుచ్చేది. జర్మనీలోని కీల్ నగరంలో మథియాస్ కెర్న్ పింగాణీ రెక్కను ఒక్క పంటికే అతికించి చూశాడు. పదేళ్ళకు రెండు రెక్కలవి 73.9 శాతం నిలిస్తే, ఒంటి రెక్కవి 94.4 శాతం నిలిచాయి. ముందు పళ్ళకు సంబంధించినంత వరకు, ఒక స్తంభం వంతెనే మేలని తేలడం ఇంజనీర్లకు సైతం వింతగా తోచే ఫలితం.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగి పెరిగినవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్లోరైడు చేరిన ఎనామెల్ ఆమ్లానికి సులభంగా లొంగదు. అతుకు బాగా పట్టాలంటే ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను కొద్దిగా అరగదీయడమో అవసరం. పళ్ళ మీది గోధుమరంగు మచ్చలకు కారణమేమిటో విదేశంలో ఉన్న డాక్టరుకు తెలియకపోవచ్చు, చెప్పడం మంచిది.

సెలవుల్లో కట్టించుకొనే బ్రిడ్జి

ప్రవాసంలో ఈ నిర్ణయాన్ని వైద్యశాస్త్రంతో పాటు బీమా పత్రాలూ శాసిస్తాయి. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ మూలపథకం మామూలు దంతచికిత్సకు వర్తించదు. ప్రైవేటు దంతబీమాల్లో చాలావాటికి ఏడాదికింత అన్న పరిమితి ఉంటుంది; బీమా తీసుకోకముందే పోయిన పన్నుకు డబ్బివ్వబోమన్న షరతు కూడా కొన్నింట్లో ఉంటుంది. ఇంగ్లండులో ఎన్.హెచ్.ఎస్. మూడో శ్రేణి రుసుములో బ్రిడ్జి ఉంది కానీ ఇంప్లాంట్ సాధారణంగా దొరకదు. అందుకే హైదరాబాదు, విజయవాడ, విశాఖ ప్రయాణాల్లో పెళ్ళిళ్ళ మధ్య, తీర్థయాత్రల మధ్య పళ్ళ పని పెట్టుకొనేవారు ఎందరో.

అక్కడి వైద్యుల నైపుణ్యానికి కొరత లేదు; కొరత సమయానికి. పన్ను తీసిన తరువాత చిగురూ ఎముకా కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా శాశ్వతమైన బ్రిడ్జి కడితే, చిగురు కిందికి జారి పాంటిక్ అడుగున సందు ఏర్పడుతుంది. ఇంప్లాంట్‌కు పట్టే కాలం ఇంకా ఎక్కువ. రెండు వారాల్లో పూర్తయ్యే చికిత్స బ్రిడ్జి ఒక్కటే కనుక దాన్నే ఎంచుకోవడం, విమానం టిక్కెట్టు తేదీకి పక్క పళ్ళను ఒప్పజెప్పడమే అవుతుంది. తాత్కాలికంగా తీసి పెట్టుకొనే పన్నుతో తిరిగి వచ్చి, మరో ప్రయాణంలో పని ముగించడానికి అభ్యంతరమేమీ లేదు.

డ్రిల్లు పట్టుకోకముందే డాక్టరును అడగవలసినవి నాలుగున్నాయి. పక్క పళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి? వాటిని ఎంత చెక్కుతారు? ఒక రెక్కతో అతికించే వీలుందా? ఏమీ చేయకపోతే అయిదేళ్ళలో ఏమవుతుంది? కట్టించుకున్నాక, పాంటిక్ కింద రోజూ ప్రత్యేకమైన దారంతోనో చిన్న బ్రష్‌తోనో శుభ్రం చేయడం ఎలాగో చూపించమనాలి. చికిత్సకు ముందు, తరువాత తీసిన ఎక్స్‌రేలనూ వాడిన పదార్థం పేరునూ తీసుకొని దాచుకోవాలి. పదేళ్ళ తరువాత మరో దేశంలో మరో డాక్టరు ఆ బ్రిడ్జిని విప్పవలసి వచ్చినప్పుడు, క్యాపుల కింద ఏముందో చెప్పేవి ఆ కాగితాలే.