చీకటిది కాదు తప్పు

బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాదు–బందరు రహదారి కలుస్తాయి. అక్కడ దీపాలున్నాయి. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు వైపు పోయేకొద్దీ చాలాచోట్ల చీకటే. తెల్లారకముందే పనికీ, పొద్దుగూకాక ఇంటికీ మన కూలీలు సైకిలు తొక్కేది ఆ చీకట్లోనే.

గుద్దిన ప్రతిసారీ మేము వినే మాట ఒక్కటే: "లైటు లేదు, కనపడలా." సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాల్సిందే, కాదనం. కాని కనపడనప్పుడు వేగం తగ్గించాల్సిందెవరు? ఎదుటివాడి కళ్లలోకి లైటు కొట్టేదెవరు?

1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం గుద్దిన డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. పారిపోయిన బండి ఆచూకీ దొరక్కపోయినా 161వ సెక్షను కింద పరిహారముంది. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. దరఖాస్తు ఆర్డీవోకు పెట్టుకోవాలి.

లారీ డ్రైవరూ కూలివాడే. నిద్ర లేకుండా తోలించే యజమానిని కూడా నిలదీద్దాం. కార్యకర్తలారా! రిఫ్లెక్టర్లు బిగించడం, దరఖాస్తులు రాసిపెట్టడం, రోడ్డుకు దీపాలడగడం, ఈ మూడూ మన సంఘం పనులే.