ఫ్లెక్సీ దిగిన తర్వాత

జగిత్యాల నుంచి కరీంనగర్ వచ్చే రోడ్డులో, నగరం ఇంకా మొదలుకాకముందే రేకుర్తి తగులుతుంది. డాక్టర్ భాస్కర్ మడేకర్ పేరుమీద లయన్స్ క్లబ్బు నడిపే కంటి ఆసుపత్రి అక్కడే ఉంది. కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లోనో, సిరిసిల్ల నేతకార్మికుల వాడల్లోనో అరవై దాటిన నలుగురిని కూర్చోబెట్టి మోతిబిందు (కంటి శుక్లం) గురించి మాట తీస్తే, ఒకరైనా 'నేను రేకుర్తికి పోయి చేయించుకున్న' అంటారు. చేసిన డాక్టరు పేరు గుర్తుండకపోవచ్చు, తీసుకెళ్లిన క్లబ్బు పేరు అసలే గుర్తుండకపోవచ్చు. కానీ ఎక్కించుకుపోయిన బస్సు, పక్క మంచం మీద పడుకున్న అవ్వ ఊరు, కట్టు విప్పగానే మొదట కనిపించిన ముఖం మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు.

మన చిన్న పట్టణాల్లో సేవా క్లబ్బులను అంచనా వేయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. వేదిక మీది శాలువాల నుంచి మొదలుపెడితే అసలు పని కనిపించదు.

కంటి శిబిరం అంటే బయటికి కనిపించేది ఒక్క పూట. పొద్దున బడి వరండాలోనో ఫంక్షన్ హాల్లోనో బల్లలు వేస్తారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. చదువు రానివాళ్ల కోసం, మూడు గీతల గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించే చార్టు గోడకు తగిలిస్తారు. టార్చి వేసి చూసిన డాక్టరు శుక్లం ముదిరిందని తేలిస్తే తర్వాత బీపీ, షుగరు పరీక్షలు. అవి అదుపులో ఉన్నవాళ్లే బస్సెక్కుతారు. ఆసుపత్రిలో చిన్న కోత పెట్టి, మసకబారిన కటకం తీసి, కృత్రిమ కటకం అమరుస్తారు. చేయి తిరిగిన సర్జనుకు అది పావుగంట పని. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు, చుక్కల మందు ఇచ్చి పంపుతారు.

ఒకప్పుడు ఈ ఆపరేషన్లు బడి గదుల్లోనే జరిగేవి. బల్లలు జరిపి, దుప్పట్లు కట్టి, ఒకే రోజు వరుసగా చేసేవారు. ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్న చూపు పోయిన సందర్భాలు దేశంలో చాలాచోట్ల ఎదురయ్యాక, 1990ల నుంచి పద్ధతి మారింది. ఊళ్లో చేయాల్సింది పరీక్ష మాత్రమే, కత్తి పట్టాల్సింది ఆసుపత్రిలోనే. ఈ మార్పుతో క్లబ్బుల పని తగ్గలేదు, పెరిగింది. డబ్బు ఇచ్చి ఊరుకుంటే చాలదు. భయపడే ముసలమ్మను ఒప్పించాలి, తోడు ఎవరూ లేని తాతకు తోడు వెతకాలి, బస్సు మాట్లాడాలి, తిరిగి ఇంటిదాకా దించాలి.

ఆ తర్వాత మిగిలేదే అసలు కష్టం. చుక్కల మందు కొన్ని వారాలు, రోజుకు ఇన్నిసార్లని లెక్కపెట్టి, మెల్లమెల్లగా తగ్గిస్తూ వేయాలి. కంట్లో నీళ్లు పడకూడదు, బరువులెత్తకూడదు. కొడుకు దుబాయిలో, కోడలు బీడీల చాట ముందు, ముసలాయన ఒక్కడే మంచంలో ఉన్న ఇల్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ ఎక్కడైనా కనిపిస్తుంది. అక్కడ చుక్కలు వేసేదెవరు? ఇంకొక ప్రశ్న కూడా ఉంది. షుగరు ఎక్కువుందని శిబిరం నుంచి వెనక్కి పంపిన మనిషి సంగతేమిటి? నెల తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి, 'తాతా, ఇప్పుడు షుగరు ఎంతుంది? మళ్లా బస్సు పోతున్నది, వస్తవా?' అని అడిగే సభ్యుడు ఉన్న క్లబ్బునే నేను గొప్ప క్లబ్బు అంటాను. ఆ ఫోన్ కాల్‌కు ఫొటో ఉండదు.

ప్రభుత్వమూ ఈ దారిలోకి పెద్దఎత్తున దిగింది. 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' తెలంగాణ పల్లెపల్లెకూ పరీక్షలను తీసుకెళ్లింది. 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. జగిత్యాలలోనైతే కంటి డాక్టరైన ఎం. సంజయ్ కుమార్ ఎమ్మెల్యే అయ్యాక కూడా ఉచిత ఆపరేషన్లు కొనసాగించారు. ఇంత జరిగినా పల్లె మనిషిని చేయి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కించే పని మిగిలే ఉంది. దాన్ని జీవోలతో చేయించలేం.

లయన్స్‌కూ కళ్లకూ ముడిపడిన కథ పాతది. 1917లో షికాగోలో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో ఈ సంస్థ పుట్టింది. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్‌లో జరిగిన సమావేశానికి హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చారు. చూపూ వినికిడీ రెండూ లేని ఆ మహిళ, అంధుల పక్షాన నిలబడి పోరాడమని వాళ్లను కోరారు. ఒక అతిథి ప్రసంగం ఒక సంస్థ దారినే నిర్ణయించింది. ఐదేళ్లకు, 1930లో, ఇలినాయ్‌లోని పియోరియాలో జార్జ్ బోనమ్ అనే లయన్, రోడ్డు దాటడానికి తిప్పలు పడుతున్న అంధుణ్ణి చూసి చేతికర్రకు తెల్లరంగు వేయించాలని ఆలోచించాడు. ఇవాళ మనం చూసే తెల్లకర్ర ప్రచారానికి అదొక మూలం. లయన్స్ మన దేశానికి వచ్చింది 1956లో, బొంబాయికి.

రోటరీ అంతకంటే పాతది, 1905 ఫిబ్రవరి 23న అదే షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టాడు. ఆదివారం పూట పోలియో చుక్కల బూత్ దగ్గర టోపీలు పెట్టుకుని నిలబడ్డ రొటేరియన్లు మన తరం వాళ్లందరికీ గుర్తే. 2011 జనవరి 13న హౌరాలో ఒక చిన్నారికి వచ్చిన కేసే దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన చివరిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా ప్రకటించింది. ఇక 1961లో హైదరాబాద్‌లో మొదలైన వాసవి క్లబ్బులు పూర్తిగా మన గడ్డమీద పుట్టినవి. ఆర్యవైశ్యుల ఇళ్ల నుంచి బయల్దేరి, కోరుట్ల లాంటి వ్యాపార పట్టణాల్లో బాగా వేళ్లూనుకున్నాయి.

ఈ క్లబ్బుల సమావేశం చూడనివాళ్లకు దాని తీరు కొంచెం విచిత్రంగా అనిపించవచ్చు. అధ్యక్షుడు గంట కొట్టి సభ మొదలుపెడతాడు. జెండా వందనం, ప్రార్థన. రోటరీలో అయితే, ఇది నిజమేనా, అందరికీ న్యాయమేనా అని మొదలయ్యే నాలుగు ప్రశ్నల పరీక్షను కలిసి చదువుతారు. వ్యాపారంలో ఏ పని చేసే ముందైనా వేసుకోవాల్సిన ఆ ప్రశ్నలను 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి, దివాలా అంచున ఉన్న తన కంపెనీ కోసం రాసుకున్నాడు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి ఉంటుంది. ఆలస్యంగా వచ్చినా, పిన్ను పెట్టుకోకపోయినా, పుట్టినరోజు చెప్పకుండా దాచినా జరిమానా వేసి, నవ్విస్తూ పది రూపాయలో వందో రాబడతాడు. బట్టల కొట్టు యజమాని, కాలేజీ లెక్చరర్, మెడికల్ షాపాయన, వకీలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకునే చోటు చిన్న ఊళ్లలో ఎక్కువగా ఉండదు. అందుకే ఈ తంతును తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ చనువు మీదే రాత్రికి రాత్రి రక్తదాతను పిలిపించగలుగుతారు.

డబ్బు దగ్గర మాత్రం ఒక నియమాన్ని ఊరంతా తెలుసుకోవాలి. లయన్స్ పద్ధతిలో రెండు ఖాతాలుంటాయి. భోజనాలు, హాలు అద్దె, కొత్త కార్యవర్గ ప్రమాణ స్వీకార సభ (ఇన్‌స్టలేషన్) ఖర్చు, శాలువాలు అన్నీ సభ్యుల చందాతో నడిచే పరిపాలనా ఖాతా నుంచే పోవాలి. జనం దగ్గర సేవ పేరుతో వసూలు చేసిన రూపాయి తిరిగి జనానికే చేరాలి, అందులోంచి విందుకు తీయకూడదు. ఇంత మంచి నియమం ఉన్నప్పుడు దాన్ని దాచుకోవడం ఎందుకు? ఏడాదికోసారి ఆ సేవా ఖాతా జమాఖర్చును క్లబ్బు భవనం గోడమీద అంటిస్తే, దాత మళ్లీ ఇవ్వడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మన దగ్గర నిధుల సేకరణ అంటే టికెట్లు అమ్మి కచేరీ పెట్టడం అరుదు. మన దానం తేదీలకు ముడిపడి ఉంటుంది. నాన్న సంవత్సరీకం నాడు అన్నదానం, బిడ్డ పుట్టినరోజున సర్కారు దవాఖానాలో పండ్లు, పెళ్లిరోజున వృద్ధాశ్రమంలో దుప్పట్లు, జూన్‌లో నోటుబుక్కులు, ఎండాకాలం చలివేంద్రం, అంబలి. ఇవ్వాలన్న మనసు పుష్కలంగా ఉంది. కానీ దవాఖానాకు ఒకే రోజు మూడు వర్గాలు అరటిపండ్లు తెస్తాయి, మిగతా వారమంతా ఒక్కరూ రారు. ఇక్కడ క్లబ్బు చేయగల గొప్ప పని ఒకటుంది. దాత చెప్పిన తేదీని గౌరవిస్తూనే, వస్తువును మాత్రం అవసరాన్ని బట్టి మార్చమని అడగడం. 'అన్నా, పండ్లు నిన్ననే వచ్చినయి. వార్డులో వీల్‌చైర్ విరిగింది, నాన్నగారి పేరుమీద అది ఇప్పిద్దాం' అని చెప్పగల సెక్రటరీ ఊరికి ఆస్తి. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. దవాఖానాలు పెరిగే కొద్దీ ఇలాంటి చిన్న అవసరాలు కూడా పెరుగుతాయి.

మన ప్రాంత జీవితం నుంచే పుట్టిన సేవ ఫ్రీజర్ బాక్సు. కొడుకు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు. తండ్రి పోతాడు. సెలవు దొరికి, టికెట్ దొరికి, శంషాబాద్‌లో దిగి ఊరు చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆఖరి చూపు కోసం అప్పటిదాకా శవాన్ని ఉంచాలి. గల్ఫ్ వలస లేని ఊళ్లో ఈ పెట్టె విలువ ఎవరికీ తెలియదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ప్రతి కుటుంబానికీ తెలుసు. కరెంటు ప్లగ్గు సరిగ్గా ఉందా, కంప్రెసర్ పనిచేస్తుందా అని వాడకం అయిన ప్రతిసారీ చూసి పెట్టే మనిషిని నియమించిన క్లబ్బు, దాన్ని కొనిచ్చిన దాతతో సమానమైన పుణ్యం కట్టుకున్నట్టే.

అదే చావింట్లో, అదే క్లబ్బు ఇంకొక మాట అడగగలదు. నేత్రదానం. ఆరు గంటల్లోపు కార్నియా తీయాలి. అంతవరకు ఫ్యాను ఆపి, కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, తలకింద దిండు పెట్టి ఉంచాలి. బతికుండగా ఫారం నింపినా, చివరికి ఇంటివాళ్లు సరేనంటేనే జరుగుతుంది. ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట ఎత్తడానికి చాలా గుండె కావాలి. ఇంటివాళ్లకు ముఖపరిచయం ఉన్న మనిషే అడగాలి. పట్నం నుంచి వచ్చిన కౌన్సెలర్ కన్నా గల్లీలో కిరాణా కొట్టు నడిపే లయన్ అడిగితేనే తలూపుతారు.

క్లబ్బులకు ఉన్న పెద్ద బలహీనత వాటి క్యాలెండర్. జులై 1న కొత్త అధ్యక్షుడు, జూన్ 30తో దిగిపోవడం. పదవి చేతులు మారడం మంచిదే. కానీ నిరుడు నాటిన చెట్లకు ఈ ఏడు నీళ్లు పోయడం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. మహిళల విషయం కూడా చెప్పాలి. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు తలుపులు తెరిచాయి. అయినా బీడీలు చుట్టి ఇళ్లు నడిపే ఆడవాళ్లున్న కోరుట్లలో, ఏ పథకం వాళ్లకు పనికొస్తుందో నిర్ణయించే బల్ల దగ్గర వాళ్లు లేకపోవడం లోటే.

ఇక అతిథుల సంగతి. సమావేశానికి పిలిచే వక్తలు సాధారణంగా క్లబ్బుల డిస్ట్రిక్ట్ గవర్నర్, డాక్టరు, పోలీసు అధికారి, జడ్జి, వ్యక్తిత్వ వికాస నిపుణుడు. వాళ్లు చెప్పేది విలువైనదే. కానీ వేదిక మీదికి ఆహ్వానాలకూ పూలగుత్తులకూ పోయే సమయంలో సగం మిగిల్చి, ఊళ్లో పనిచేసే ఒక్క మనిషికి ఇస్తే ఎంత తెలుస్తుంది! సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే ఒక కార్మికుణ్ణి పిలవండి. పోగు తెగినప్పుడల్లా ముడి వేయడానికి కళ్లు ఎంత పనిచేస్తాయో చెబుతాడు. అంతకంటే ముఖ్యంగా, అతనితో మాట్లాడాలంటే మీరు గొంతు పెంచాల్సి వస్తుంది. మరమగ్గాల షెడ్డులో చప్పుడు మామూలుగానే 90 డెసిబెల్స్ దాటుతుంది. మన ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు అదే. సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు కొత్తేమీ కాదు. చూపు పోతే ఇంట్లో వాళ్లు గుర్తిస్తారు, శిబిరం ఉంటుంది, బస్సు వస్తుంది. చెవులు మెల్లగా మొద్దుబారితే 'ముసలోడికి చెవుడు' అని వదిలేస్తారు, ఆ మనిషికి ఇంకా నలభై ఐదే అయినా సరే.

హెలెన్ కెల్లర్‌కు చూపుతో పాటు వినికిడీ లేదు. ఆమె అంధుల కోసం అడిగిన పని మన జిల్లాల్లో చాలావరకు సాగుతోంది. సిరిసిల్ల క్లబ్బులు చెవుల వైపు తిరగడానికి ఇది సరైన సమయం. అయితే ఆ శిబిరం కంటి శిబిరంలా ఫంక్షన్ హాల్లో పెడితే కుదరదు. నిశ్శబ్దంగా ఉండే గది కావాలి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనిషికి చెవులు ఇంకా హోరెత్తుతుంటాయి, లెక్క తప్పు వస్తుంది. కనీసం పద్నాలుగు గంటలు చప్పుడుకు దూరంగా ఉండాలి. అంటే సాంచాలు బందు పెట్టిన మర్నాడు పొద్దున, పని ఎక్కకముందే పరీక్ష జరగాలి. అందుకు ముందుగా సాంచాలు నడిపించే ఆసాములతో మాట్లాడి ఒప్పించాలి. ఆ ఆసాముల్లో కొందరు ఈ క్లబ్బుల్లోనే సభ్యులై ఉంటారు.