సరాఫా బజార్ (ఇండోర్)

సరాఫా బజార్ మధ్యప్రదేశ్ రాష్ట్రంలోని ఇండోర్ నగరంలో, హోల్కరు వంశీయుల రాజవాడ భవనానికి సమీపంలో ఉన్న ఒక వీధి. పగలు ఇది బంగారు, వెండి నగల వర్తకులకు నిలయం. రాత్రి నగల దుకాణాలు మూసివేసిన పిమ్మట ఇదే వీధి తినుబండారాల అంగడిగా మారుతుంది. ఒకే స్థలాన్ని రెండు వర్తకాలవారు పగలు, రాత్రి వంతుల చొప్పున పంచుకొనడం ఈ బజారు ప్రత్యేకత. దీనికి ఖ్యాతి వచ్చింది ఈ ఏర్పాటు వల్లనే. ఇటీవల వివాదం తలెత్తినది కూడా ఈ ఏర్పాటు గురించే.

పేరు

అరబ్బీ భాషలో "సర్రాఫ్" అనగా నాణేలు మార్చి ఇచ్చే వ్యాపారి. హిందీలో ఈ పదానికి బంగారు, వెండి వర్తకుడు అనే అర్థం స్థిరపడింది. తెలుగులోని "షరాబు" అనే మాట కూడా దీని నుండి వచ్చినదే. కాబట్టి సరాఫా బజార్ అంటే షరాబుల వీధి అని అర్థం.

రెండు వర్తకాల పొత్తు

నగల దుకాణాలు రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో మూతపడతాయి. అప్పుడు వాటి అరుగుల మీద, మెట్ల ముందు పొయ్యిలు, పెనాలు, పళ్ళాలు వెలుస్తాయి. అర్ధరాత్రి దాటే వరకు అమ్మకాలు సాగుతాయి. రాత్రివేళ వీధిలో జనసంచారం ఉంటే దొంగల భయం ఉండదనే ఉద్దేశంతో నగల వర్తకులే పూర్వం చిరుతిండ్ల వారికి చోటు ఇచ్చారని స్థానికులు చెబుతారు. ఇక్కడ లభించేవన్నీ శాకాహార పదార్థాలే.

ముఖ్యమైన చిరుతిండ్లు

* భుట్టే కా కీస్: లేత మొక్కజొన్న కండెను కోరి, నేతిలో వేయించి, పాలు పోసి ఉడికిస్తారు. "కీస్" అనగా కోరు.
* గరాడు: ఇది మనం పెండలం అని పిలిచే దుంప. ముక్కలను నూనెలో వేయించి మసాలా, నిమ్మరసం చల్లి ఇస్తారు. ఇది చలికాలపు వంటకం.
* దహీ వడ: ఒక దుకాణంలో పెరుగు వడ ఉన్న దొప్పను గాలిలోకి ఎగురవేసి, పెరుగు ఒలకకుండా తిరిగి పట్టుకుంటారు. ఆ విద్యను చూడడానికే అక్కడ జనం గుమిగూడతారు.
* సాబూదానా కిచిడీ: సగ్గుబియ్యాన్ని ఆవిరి మీద వేడిగా ఉంచి, అడిగినప్పుడు మసాలాలు, కారపు మిక్స్చరు కలిపి ఇస్తారు.

మిఠాయిలు

ఈ వీధి మిఠాయిలలో జలేబా ప్రసిద్ధమైనది. ఇది జిలేబీకి పెద్దన్న వంటిది. ఒక్కొక్కటి పావుకిలోకు తక్కువ ఉండదు. పులిసిన మైదాపిండిని మందపాటి ధారగా పోసి, లోపలి వరకు వేగేటట్లు నిదానంగా కాల్చి పాకంలో వేస్తారు. మంట ఎక్కువైతే పైభాగం మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. చిన్న జిలేబీ కంటే దీనికి నేర్పు ఎక్కువ కావలసినది అందువల్లనే.

మావా బాటీ కోవాతో చేసే మిఠాయి. కోవా ముద్దలో ఎండుపండ్లు పెట్టి వేయించి పాకంలో నానబెడతారు. చూడడానికి పెద్ద గులాబ్ జామును పోలి ఉంటుంది. శికంజీ అంటే ఢిల్లీలో నిమ్మరసపు పానీయం. ఇండోర్‌లో మాత్రం చిక్కగా కాచిన పాలు, మజ్జిగ, కుంకుమపువ్వు, ఎండుపండ్లు కలిపిన తీపి పానీయాన్ని ఆ పేరుతో పిలుస్తారు. మాల్పువా, రబడీ, పెసరపప్పు హల్వా కూడా దొరుకుతాయి.

వీటిలో చాలావరకు ఒక్కరు తినగలిగిన పరిమాణంలో ఉండవు. నలుగురైదుగురు మిత్రులు కలిసి వెళ్లి, ఒక్కొక్క దుకాణంలో ఒక్కొక్క పదార్థం కొని పంచుకొనడం మేలు. ఒంటరిగా వెళ్లినవారికి రెండవ దుకాణం వద్దనే కడుపు నిండిపోతుంది.

కొత్త వింతలు, జాగ్రత్తలు

ఇటీవలి కాలంలో మంటతో నోట పెట్టే పాన్ వంటి వింతలు ఈ వీధిలోకి వచ్చాయి. దేశంలోని ఇతర నగరాలలో ద్రవ నత్రజనితో పొగలు కక్కే బిస్కత్తులు, పాన్‌లు కూడా అమ్ముడయ్యాయి. ద్రవ నత్రజని మరుగు స్థానం మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. ఆవిరి అయినప్పుడు దాని పరిమాణం దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. పూర్తిగా ఆవిరి కాకముందే మింగితే కడుపులో గాయం, రంధ్రం ఏర్పడే ప్రమాదం ఉంది. 2024లో బెంగుళూరులో పొగ పాన్ తిన్న 12 సంవత్సరాల బాలికకు కడుపులో రంధ్రం పడి శస్త్రచికిత్స అవసరమైనది. అదే సంవత్సరం కర్ణాటక ప్రభుత్వం ఇటువంటి తినుబండారాలలో ద్రవ నత్రజని వాడకాన్ని నిషేధించింది. పొగ కనిపించినంతసేపు నోట పెట్టరాదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

వివాదం

కేంద్రప్రభుత్వ స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్ 2017 నుండి 2023 వరకు వరుసగా ఏడు పర్యాయాలు మొదటి స్థానం పొందింది. ఆ ఖ్యాతితో పాటు సరాఫాకు సందర్శకులు, దుకాణాలు కూడా పెరిగాయి. ఇరుకైన వీధిలో గ్యాసు బండలు, పొయ్యిలు పెరగడంతో అగ్నిప్రమాద భయం తలెత్తింది. 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలోని హర్దా పట్టణ బాణసంచా కర్మాగారంలో పేలుడు జరిగిన తరువాత ఈ భయం మరింత బలపడింది. 2025లో నగల వర్తకులు తినుబండారాల దుకాణాలను వేరొక చోటికి తరలించమని కోరారు. సంప్రదాయ వంటకాలు అమ్మే దుకాణాలను మాత్రమే కొనసాగించాలనే ప్రతిపాదన కూడా చర్చకు వచ్చింది.

జనసంచారం కోసం ఒకప్పుడు అరుగులు ఇచ్చిన వర్తకులు ఇప్పుడు ఆ జనమే ఎక్కువైనదని చెబుతున్నారు. తరలిస్తే తమ తరతరాల వ్యాపారం దెబ్బతింటుందనేది చిరుతిండ్ల వారి వాదన. దుకాణాల సంఖ్యకు పరిమితి, అగ్నిమాపక వాహనానికి దారి, గ్యాసు బండల నియంత్రణ అమలైతే రెండు వర్తకాలూ కలిసి సాగగలవు.

ఇవికూడా చూడండి

* ఇండోర్
* జిలేబీ
* పెండలం