బస్రా తాత పతకం

"పెన్షను రోజున పెనం తెమ్మంటే ఫిరంగి తెచ్చే రకం మీరు" అని మా ఆవిడ నన్ను తరచు దెప్పుతూ వుంటుంది. ఫిరంగి అనడం అన్యాయం. నేను పోగుచేసినవన్నీ చిన్న సామాన్లే. ఖాకీ గుడ్డ తొడుగు గల నీళ్ళ సీసా, సైనికులు అన్నం తినే అల్యూమినియం డబ్బా, ఒక దిక్సూచి, గుప్పెడు ఇత్తడి గుండీలు, విశాఖపట్నం ఉక్కలో యెవరూ తొడుక్కోలేని ఒక ఉన్ని కోటు. తూటాల పెట్టె కూడా వున్నది గాని అందులో తూటాలు లేవు. మూత బిగిస్తే చీమ కూడా దూరదని కనిపెట్టి, మా ఆవిడ అందులో ఎండుమిరపకాయలు పోసుకున్నది.

యీ పిచ్చి నాకు అంటుకోవడానికి మా వూరే కారణం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్ళకు తాళాలు వేసి పల్లెలకు పరుగెత్తిన వైనం మా అమ్మ చెప్పగా వింటూ పెరిగాను. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో వున్నది. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గరలోనే మునిగింది. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి పుచ్చుకున్న కురుసుర జలాంతర్గామి, 2002 నుంచి ఆ బీచిలోనే ప్రదర్శనశాలగా పిల్లలకు వినోదమూ విజ్ఞానమూ పంచుతున్నది. 2017లో టీయూ-142 విమానం కూడా దానికి తోడు వచ్చింది.

పెద్ద వస్తువులను ప్రభుత్వం కాపాడుతుంది. మరి గుండీనీ, నీళ్ళ సీసానూ యెవరు కాపాడాలి? అందుకే ఆదివారం వస్తే పాత సామాన్ల దుకాణాలు తిరగడం నాకు అలవాటయింది.

నాకు కొన్ని నియమాలు వున్నాయి. పేలే వస్తువు జోలికి పోను. పాత గుండు లాంటిది యెక్కడయినా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడమే మర్యాద. సైనికుల దుస్తులు దాచుకుంటానే గాని, తొడుక్కుని సైనికుడిలా చలామణి కావడం నేరమని మరచిపోను. పాత పతకాలను చింతపండుతోనూ, విభూతితోనూ తోమను. యీ మూడవ నియమం యెందుకో చెప్పడానికే యిదంతా వ్రాస్తున్నాను.

క్రిందటి ధనుర్మాసంలో కురుపాం మార్కెట్టు దగ్గర, నాకు పరిచయమున్న ఒక ఆచారిగారి దుకాణానికి వెళ్ళాను. త్రాసు ప్రక్కన తెగిన మెట్టెలు, సొట్టబోయిన కుంకుమ భరిణె, వాటి మధ్య గుండ్రని వెండి బిళ్ళ ఒకటి వున్నాయి. ఒక వైపు అయిదవ జార్జి తల, రెండవ వైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 సంవత్సరాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన వారికి ఇచ్చిన పతకమది. సుమారు ఒక ఔన్సు వెండి. ఆ వెండే దానికి శత్రువయింది. 1980లో వెండి ధర ఆకాశానికి యెగసినప్పుడు దేశదేశాల్లో ఇటువంటివి లెక్కలేనన్ని కరిగిపోయాయి.

"రేపు కరిగిస్తానండీ" అన్నారు ఆచారిగారు.

భూతద్దం అడిగి పుచ్చుకుని అంచు చూశాను. అక్కడ సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక నంబరు, హోదా, ఒక తెలుగు పేరు, ఆ తరువాత మద్రాసు శాపర్ల దళం గుర్తు చెక్కి వున్నాయి. వంతెనలు కట్టి, బాటలు వేసి సైన్యానికి దారి చూపే దళమది. తోమి తోమి పేరులో సగం అక్షరాలు అరిగాయి గాని, చదవడానికి వీలుగానే వున్నాయి. వెండి ధర ఇచ్చి కొనేశాను. అమ్మినది యెవరని అడిగితే, పూర్ణా మార్కెట్టులో ఆకుకూరలమ్మే ముసలమ్మ అని తెలిసింది. మనవరాలి కాలేజీ ఫీజుకు అమ్మిందట.

అబద్ధమెందుకు, రెండు రోజులు ఆ పతకాన్ని నా అద్దాల బీరువాలో పెట్టుకుని మురిశాను. న్యాయంగా కొన్నదే కదా అని సమాధానం చెప్పుకున్నాను. మూడవ నాడు మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "ఆ పేరు వాళ్ళకు తెలుసో లేదో?"

మర్నాడు మార్కెట్టుకు వెళ్ళాను. పతకం చూడగానే ముసలమ్మ బెదిరింది, దొంగ సొమ్మనుకున్నానేమోనని.

"మా యింటాయనకి తాత బాబూ. బస్రా ఎల్లొచ్చేడంట. అందుకని బస్రా తాత అనీవోరు. అసలు పేరేటో మాకెవులికీ తెల్దు."

1914 నవంబరులో బస్రా పట్టణాన్ని పట్టుకున్న సేనలు మన దేశం నుంచి వెళ్ళినవే. ఆ మహాయుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేశారు. డెబ్బై వేలకు పైగా తిరిగి రాలేదు. ఈ తాత తిరిగి వచ్చాడు గాని, పేరు మాత్రం ఇంట్లో మిగలలేదు.

అంచు మీది పేరు చదివి వినిపించాను. ఆమె తోటకూర కట్ట క్రింద పెట్టి, "మళ్ళీ సదువు బాబూ" అన్నది. మళ్ళీ చదివాను. మూడవసారి నాతో బాటు తానూ పలికింది.

"ముందే తెలిస్తే మనవడికి ఎట్టుకుందుం కద" అన్నది కళ్ళు తుడుచుకుంటూ.

పతకం ఆమె చేతిలో పెట్టాను. డబ్బు వాయిదాల మీద ఇస్తానన్నది, వద్దన్నాను. "ఉట్టినే ఎలా తీసుకుంటాను" అని రెండు తేగల కట్టలు నా సంచిలో కుక్కింది. ఒక కాగితం మీద ఆ పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది ఆ ఇంటివారిది.

మీ ఇళ్ళల్లోనూ పాత ట్రంకు పెట్టెలు వుంటాయి. అడుగున ఇటువంటి బిళ్ళ యేదైనా దొరికితే, తోమకండి, తూకానికి వేయకండి. ముందు దాని అంచు చదవండి.

నా బీరువాలో ఆ చోటు ఖాళీగానే వున్నది. మా ఆవిడ మాత్రం ఆ రోజు తేగలు కాల్చి పెడుతూ, "వచ్చే ఆదివారం యే దుకాణానికి?" అని తానే అడిగింది.