పళ్ళచక్రాలా? చమురుధారా? చిన్న ట్రాక్టరు ఎంపికలోని విజ్ఞానం

సంగారెడ్డి జిల్లా జహీరాబాదులో మహీంద్రా వారి ట్రాక్టరు కర్మాగారం ఉన్నది. జపానులోని మిత్సుబిషి మహీంద్రా సంస్థ ఇంజనీర్లతో కలిసి రూపొందించిన ‘ఓజా’ అనే చిన్న ట్రాక్టర్ల శ్రేణి అక్కడే తయారవుతున్నది. సంస్కృతంలోని ‘ఓజస్సు’ నుండి వచ్చిన పేరు అది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో దానిని ఆవిష్కరించారు. భారతదేశపు రైతు కోసం నాడు ప్రకటించిన ఏడు నమూనాలు, 20 నుండి 40 అశ్వశక్తుల వరకు, గేర్లతో నడిచేవే. అదే పేరుతో అమెరికాలోని చిన్న కమతాల యజమానులకు అమ్మే నమూనాల వెనుక మాత్రం ‘హెచ్‌ఎస్‌టీ’ అనే మూడక్షరాలు కనిపిస్తాయి. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అని వాటి విస్తరణ. కర్మాగారం ఒకటే, ఇంటిపేరు ఒకటే. ఇంజనుకూ చక్రానికీ నడుమ ఉన్న బంధుత్వం మాత్రం వేరు.

ఈ తేడా ఎందుకన్న ప్రశ్న ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కేవలం కుతూహలం కాదు. మెల్‌బోర్న్‌కు పడమట బాకస్ మార్ష్ వైపో, సిడ్నీ దాటి హాక్స్‌బరీ వైపో, బ్రిస్బేన్‌కు పడమట లాక్యర్ లోయలోనో ఐదారు ఎకరాలు కొనుక్కున్నవారికి మొదటి వసంతంలోనే ఒక సత్యం బోధపడుతుంది. నవంబరు నాటికి గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. వేసవి అగ్నిభయం ముంచుకు రాకముందే దానిని కోయించకపోతే పురపాలక సంఘం నుండి నోటీసు వస్తుంది. అప్పుడు పాతిక అశ్వశక్తుల ట్రాక్టరు ఒకటి అవసరమవుతుంది. దానితోపాటు ఇంట్లో వాదమూ మొదలవుతుంది. ‘గేర్లదే అసలైన ట్రాక్టరు’ అని ఒకరు. ‘పెడలు నొక్కితే చాలు, కదులుతుంది’ అని అమ్మకందారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో తెలియాలంటే శక్తి ఏ దారిన ప్రయాణిస్తున్నదో చూడాలి.

గేరుపెట్టె సంగతి అందరికీ తెలిసినదే. పళ్ళచక్రం ఒకటి మరొకదానిని తోస్తుంది. పళ్ళ సంఖ్యల నిష్పత్తిని బట్టి వేగం తగ్గి, తిప్పుడు బలం పెరుగుతుంది. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య జారుడు స్వల్పం కనుక ఇంజను ఇచ్చిన శక్తిలో నూటికి 90 పాళ్ళకు మించి చక్రాన్ని చేరుతుంది. అయితే వేగాలు మెట్లు మెట్లుగానే దొరుకుతాయి. మెట్టు మారాలంటే క్లచ్చి నొక్కి ఆ బంధాన్ని ఒక క్షణం తెంచవలసిందే.

హైడ్రోస్టాటిక్ పద్ధతిలో పళ్ళచక్రాల స్థానాన్ని చమురు ఆక్రమిస్తుంది. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. అందులో తుపాకీ చక్రంలోని తూటాల వలె గుండ్రంగా అమర్చిన చిన్న పిస్టన్లు ఉంటాయి. వాటి కొనలు ఒక వాలుపళ్ళెం మీద ఆనుకొని తిరుగుతాయి. పళ్ళెం నిటారుగా ఉన్నంతసేపు పిస్టన్లు ముందుకూ వెనుకకూ కదలవు, చమురు పారదు, ట్రాక్టరు నిలిచి ఉంటుంది. డ్రైవరు పాదంతో పెడలును నొక్కితే పళ్ళెం వాలుతుంది. వాలిన కొద్దీ ఎక్కువ చమురు మోటారులోకి పారి చక్రాలను తిప్పుతుంది. ఎదురు దిశకు వాలిస్తే ట్రాక్టరు వెనుకకు నడుస్తుంది. గేరు లేదు, మెట్టు లేదు. నత్తనడక నుండి పరుగు వరకు ఒకే జారుడుబల్ల. బరువు పడినప్పుడు ఆ చమురు మీద పీడనం 200 వాతావరణాలను దాటడం మామూలే.

ఈ ఊహ కొత్తది కాదు. బంధించిన ద్రవం పీడనాన్ని అన్ని దిశలకూ సమానంగా అందిస్తుందని పాస్కల్ చెప్పినది 17వ శతాబ్దంలో. 20వ శతాబ్దారంభంలో విలియమ్స్, జానీ అనే అమెరికనులు వాలుపళ్ళెపు పంపును యుద్ధనౌకల ఫిరంగులను తిప్పడానికి వాడారు. 1950ల మధ్యలో ఇంగ్లండులోని సిల్సో పరిశోధనాలయం దీనిని ట్రాక్టరుకు అమర్చి చూపింది. 1967లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 656 నమూనాలో దీనిని విపణికి తెచ్చింది. పెద్ద పొలాల రైతులు మెచ్చుకున్నారు గాని, డీజిలు లెక్క చూసుకొని క్రమంగా దూరమయ్యారు. పెద్ద ట్రాక్టరులో ఓడిన ఈ పద్ధతి పంటకోత యంత్రాలలోనూ, చిన్న ట్రాక్టర్లలోనూ గెలిచింది. ఆ గెలుపోటముల రహస్యం వేడిలో ఉన్నది.

చమురు ఇరుకు సందుల గుండా పారేటప్పుడు ఘర్షణ వలన కొంత శక్తి నశిస్తుంది. పీడనానికి పిస్టను పక్కల నుండి కొంత చమురు వెనక్కు కారిపోయి మరికొంత నశిస్తుంది. మంచి స్థితిలో ఉన్న యంత్రంలో కూడా నూటికి 80 పాళ్ళ చుట్టూనే చక్రాన్ని చేరుతుంది. పాతిక అశ్వశక్తులంటే సుమారు 18.6 కిలోవాట్లు. ఆ మొత్తం చక్రాల ద్వారానే ఖర్చయ్యే పని, అనగా నాగలి లాగడం వంటిది, గంటల తరబడి చేస్తే అందులో 3.7 కిలోవాట్లు చమురును కాచడానికే పోతుంది. వంటింట్లో నీళ్ళు కాచుకునే కెటిలు 2.4 కిలోవాట్లదనుకుంటే, సీటు కింద ఒకటిన్నర కెటిళ్ళు ఆగకుండా మరుగుతున్నట్లే. బయట 40 డిగ్రీల ఎండ ఉన్ననాడు ఈ వేడిని ఎక్కడికి పంపాలి?

కాని ఇక్కడే అమ్మకందారూ చెప్పని, కొనేవారూ అడగని ఒక విషయం ఉన్నది. గడ్డి కోసే స్లాషరుకు శక్తి చక్రాల నుండి రాదు. ట్రాక్టరు వెనుక తిరిగే పీటీఓ ఇరుసు నుండి వస్తుంది. హైడ్రోస్టాటిక్ ట్రాక్టరులోనూ ఆ ఇరుసుకు శక్తి ఇనుప మార్గంలోనే చేరుతుంది, చమురు మార్గంలో కాదు. స్లాషరు పది పన్నెండు కిలోవాట్లు మింగుతున్నప్పుడు ట్రాక్టరును మెల్లగా ముందుకు నడపడానికి మూడు కిలోవాట్లు చాలుననుకుందాం. ఆ మూడింటిలో ఐదవ వంతు, అనగా 0.6 కిలోవాటు, వేడిగా పోతుంది. గేర్లలోనూ ఎంతో కొంత పోయేదే కనుక అసలు తేడా అర అశ్వశక్తికి లోపే. చమురు పంపు ఊరక తిరగడానికి మరొక అశ్వశక్తి అటూ ఇటుగా కలుపుకున్నా, పని ఆగిపోయేంత నష్టం కాదు. కనుక ‘హైడ్రోస్టాటిక్ శక్తిని తినేస్తుంది’ అన్న మాట నాగలికి నిజం, స్లాషరుకు చాలావరకు అపవాదు.

పైగా స్లాషరు పనిలో గేరు ట్రాక్టరుకు ఒక చిక్కు ఉన్నది. దట్టమైన గడ్డి ఎదురైనప్పుడు కావలసినది కత్తి వేగం తగ్గకుండా బండి వేగం తగ్గడం. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతూనే ఉండాలి. హైడ్రోస్టాటిక్‌లో పాదం కొంచెం సడలిస్తే చాలు. గేర్లలో క్లచ్చి నొక్కి మెట్టు దిగాలి. ఒకే దశ క్లచ్చి ఉన్న పాత ట్రాక్టరైతే ఆ నొక్కుడుతో కత్తీ నెమ్మదిస్తుంది; అంతేకాక, తిరుగుతున్న బరువైన కత్తి తన జడత్వంతో ఇరుసు ద్వారా ట్రాక్టరునే ముందుకు తోస్తుంది. కంచె దగ్గర క్లచ్చి నొక్కినా బండి ఆగలేదని విస్తుపోయేవారికి కారణం ఇదే. దీనికి విరుగుడుగా ఒకవైపే లాగే ఓవర్‌రన్ క్లచ్చి ఇరుసుకు బిగించుకోవాలి. రెండు దశల క్లచ్చి గాని, స్వతంత్ర పీటీఓ గాని ఉన్న గేరు ట్రాక్టరులో ఈ బాధ తగ్గుతుంది.

జహీరాబాదు ప్రశ్నకు జవాబు ఇప్పుడు సులువు. తెలుగునాట ట్రాక్టరు దుక్కి దున్నుతుంది, దమ్ము చేస్తుంది, ట్రక్కు లాగుతుంది, కిరాయికి పోతుంది. గంటలు ఎక్కువ, చక్రాల మీద లాగుడు ఎక్కువ, ప్రతి లీటరు డీజిలుకూ లెక్క ఉంటుంది. గేరుపెట్టె విప్పి సరిచేయగల మేస్త్రీ మండల కేంద్రంలోనే దొరుకుతాడు. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోసి స్టార్టు చేస్తారు. హైడ్రోస్టాటిక్ ట్రాక్టరును అలా తోసి లేపడం అసాధ్యం, ఎందుకంటే చక్రం తిరిగినంత మాత్రాన ఇంజను తిరగదు. ఐదెకరాల ఆస్ట్రేలియా కమతం వేరు. ఏడాదికి నూరు గంటలు నడిపి, గంటకు అరలీటరు అదనంగా తాగినా యాభై లీటర్లే. అక్కడ పని కోత, లోడరుతో ఎరువు ఎత్తిపోత, చెట్ల మధ్య మలుపులు; ప్రతి నిమిషానికీ ముందుకూ వెనుకకూ మారడం. ఆ యాభై లీటర్లు అనాయాసానికి చెల్లించే మూల్యం.

చమురే ఇక్కడ యంత్రభాగం కనుక దాని రసాయనం గురించి కొంత తెలుసుకోవాలి. ట్రాక్టరు చమురు స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద ఉన్నదానిలో 100 డిగ్రీల వద్ద ఆరవ వంతుకు పడిపోతుంది. పలుచబడిన చమురు ఎక్కువగా కారుతుంది. కారినది మరింత వేడెక్కుతుంది. వేడికి మరింత పలుచబడుతుంది. ఇంతేకాక, ప్రతి పది డిగ్రీలకూ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రవేత్తల మోటు లెక్క. అలా పుట్టిన ఆమ్లాలూ జిగురూ కవాటాలను పట్టుకుంటాయి. పిస్టనుకూ దాని గదికీ మధ్య ఎడం వెంట్రుక మందంలో కొద్ది వంతు మాత్రమే. అందులోకి చొరబడే ధూళిని ఫిల్టరు అడ్డుకుంటుంది. లోహం లోహాన్ని రాయకుండా జింకు, గంధకం, భాస్వరం కలిసిన ఒక సమ్మేళనం ఉపరితలం మీద పలుచని పొరగా ఏర్పడి కాపాడుతుంది. అదే చమురులో తడి బ్రేకులూ మునిగి ఉంటాయి కనుక అది జారాలి, కాని అతిగా జారకూడదు. ఒకప్పుడు ఈ విచిత్రమైన గుణం కోసం స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపేవారు. అది మామూలు కొవ్వు కాదు, మైనపు ఎస్టరు. పీడనానికీ వేడికీ బాగా తట్టుకునేది. 1970లో అమెరికా దానిని నిషేధించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆల్బనీ వద్ద దేశంలోని చివరి తిమింగల వేట కేంద్రం 1978లో మూతపడింది. నేడు ఆ పని కృత్రిమ సమ్మేళనాలు చేస్తున్నాయి. కనుక డబ్బా మీద తయారీదారు పేర్కొన్న ప్రమాణం ఉన్నదో లేదో చూడకుండా, చవకగా వచ్చిందని ఏదో ఒక చమురు పోయడం గేరు ట్రాక్టరులో పొరపాటైతే, హైడ్రోస్టాటిక్‌లో గుండెమార్పిడి ఖర్చు.

డబ్బు కంటే ముఖ్యమైనది వాలు నేల. ఆస్ట్రేలియా పొలాలలో ప్రాణాలు తీసే యంత్రాలలో ట్రాక్టరు ముందు వరుసలో ఉన్నది. 1990ల చివరి సంవత్సరాలలో విక్టోరియా ప్రభుత్వం పాత ట్రాక్టర్లకు పల్టీ రక్షణ చట్రం అమర్చుకునేవారికి రాయితీ ఇచ్చినది అందుకే. గేరు ట్రాక్టరులో ఎత్తు ఎక్కుతూ క్లచ్చిని ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాలు లేచి, రెండు సెకన్లు తిరగకముందే బండి వెనుకకు బోర్లాపడవచ్చు. దిగుతూ క్లచ్చి నొక్కితే బండి స్వేచ్ఛగా దొర్లుతుంది. హైడ్రోస్టాటిక్‌లో పాదం ఎత్తితే వేగం తగ్గుతుంది కనుక కొత్తవారికి భయం తక్కువ. అయినా దానికీ గండం ఉన్నది. వాలు మీద ఉండగా హై, లో అనే రేంజి మీటను మార్చబోతే చక్రాలకూ చమురుకూ సంబంధం తెగి బండి జారిపోతుంది. పెడలు వదిలి దిగిపోయినా చమురు కారుడు వలన బండి నెమ్మదిగా పాకుతుంది. పార్కింగు బ్రేకు తప్పనిసరి. చాలా చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు నాలుగు చక్రాల లాగుడు వేసుకుంటే ముందు చక్రాలూ పట్టు ఇస్తాయి.

మరొక ప్రమాదం పాదాల జ్ఞాపకశక్తిలో ఉన్నది. ఊరి నుండి ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన తండ్రిగారు ముప్పయి ఏళ్ళు ట్రాక్టరు నడిపినవారే కావచ్చు. కంగారు పుట్టినప్పుడు ఆయన ఎడమ పాదం క్లచ్చి కోసం వెదుకుతుంది, కుడి పాదం బలంగా నొక్కుతుంది. హైడ్రోస్టాటిక్‌లో కుడి పాదం కింద ఉన్నది బ్రేకు కాదు, ప్రయాణం. కొన్ని నమూనాలలో మడమతో నొక్కితే వెనుకకు పోతుంది. ఆయనకు తాళంచెవి ఇచ్చే ముందు చదునైన నేల మీద ఒక గంట సాధన చేయించడం మర్యాదకు లోటు కాదు. మడ్‌గార్డు మీద మనుమణ్ణి కూర్చోబెట్టుకునే అలవాటును మాత్రం విమానాశ్రయంలోనే మాన్పించాలి. రక్షణ చట్రమూ సీటు బెల్టూ కాపాడేది సీటులో కూర్చున్న ఒక్కరినే.

ఐదు పదెకరాలలో గడ్డి, లోడరు పని ప్రధానమైతే హైడ్రోస్టాటిక్ కొనడమే వివేకం. డార్లింగ్ డౌన్స్ నల్లరేగడి వంటి బరువైన నేలలో రోజంతా దుక్కి దున్ని కూరగాయలు పండించదలచినవారు అమ్మకందారు మాటలకు లొంగక గేర్లే కొనాలి. కొంత దుక్కి, కొంత లోడరు ఉన్నవారికి, క్లచ్చి నొక్కకుండా దిశ మార్చే పవర్ షటిల్ గేరుపెట్టె మధ్యేమార్గం.

పాత హైడ్రోస్టాటిక్ ట్రాక్టరు కొనేవారు చల్లగా ఉన్న యంత్రాన్ని చూసి బేరం కుదుర్చుకోరాదు. ముందుగా ఇంజను ఆపి ఉండగా చమురు పుల్ల తీసి చూడాలి: పాలవలె తెల్లబడితే నీరు చేరింది, నల్లబడి మాడువాసన వస్తే కాగిపోయింది. తరువాత అరగంటసేపు బరువు పని చేయించి, చమురు వేడెక్కాక ఒక మోస్తరు ఎత్తు ఎక్కించాలి. ఉదయం చల్లగా ఎక్కిన గట్టునే వేడెక్కిన తరువాత ఎక్కలేక మూలుగుతున్నదంటే, పిస్టన్ల పక్కల ఎడం పెరిగిందన్నమాట. ఆ బండి ఎంత చవకైనా అక్కడే విడిచి రావాలి.