మంచు కింద లెక్కకు రాని తిమింగలాలు

అలాస్కా ఉత్తర తీరం మీదుగా ఏటా వసంతంలో వలస వెళ్లే బోహెడ్ తిమింగలాలు రెండు వేలకు మించి లేవని 1977లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ లెక్కను బట్టి అంతర్జాతీయ తిమింగల వేట సంఘం ఇనూపియట్ ప్రజల వేటనూ నిషేధించింది. వాళ్లకు అది తరతరాల తిండి. వేటగాళ్లు ఆ ఏడాదే సొంత కమిషన్ పెట్టుకుని గట్టిగా పోరాడారు. అయినా 1978కి గ్రామాలన్నిటికీ కలిపి ఒడ్డుకు చేర్చుకోనిచ్చినవి 12 తిమింగలాలే.

ఆ తీరంలోని ఉట్కియాగ్విక్ పట్టణపు వేటగాళ్లు మొదటి నుంచీ చెబుతున్నది ఒకటే: మీరు చూస్తున్నవి కొన్నే. అప్పట్లో లెక్క ఎలా జరిగేదంటే, తీరాన్ని అంటుకున్న మంచు అంచున ఎత్తయిన దిబ్బ ఎక్కి, ఎదుట తెరిచి ఉన్న నీటిపాయలో కనిపించిన తిమింగలాలను లెక్కపెట్టేవారు. పాయ మూసుకుపోతే వలస ఆగిందనుకునేవారు. వేటగాళ్లు మాత్రం అవి మంచు కిందుగా ఈదుతూనే ఉంటాయనీ, కొన్ని దూరంగా, కంటికి ఆనని చోట సాగిపోతాయనీ చెప్పారు. బోహెడ్‌కు వీపు మీద రెక్క ఉండదు కాబట్టి మంచు కిందుగా ఈదడానికి అడ్డు ఉండదు. తలతో మంచును కింది నుంచి నెట్టి, అది పగిలి గుబ్బలా లేస్తే ఆ పగులులోంచి ఊపిరి పీల్చుకుంటుంది. మంచు మీద నడిచేవాళ్లకు ఆ గుబ్బలు కొత్త కాదు.

స్థానిక ప్రభుత్వమైన నార్త్ స్లోప్ బరో ఈ మాటను పరీక్షించడానికి పూనుకుంది. 1980లలో మంచు అంచు వెంట నీళ్లలోకి హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దాలు పట్టే మైకులు, దించారు. ఒకే అరుపు ఒక్కో హైడ్రోఫోన్‌కు కొద్ది తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి తిమింగలం ఎక్కడుందో తేలుతుంది. పాయ మూసుకుపోయిన రోజుల్లోనూ అరుపులు వినిపించాయి. దూరం నుంచీ వినిపించాయి.

కళ్ల లెక్కకు చెవుల లెక్క తోడయ్యాక 1993లో అంచనా 8 వేల దాకా వెళ్లింది. 2001లో పదిన్నర వేలు, 2011లో దాదాపు 17 వేలు. ఇదంతా సంతతి పెరగడమే అనుకుంటే పొరపాటు. పెరుగుదల ఏటా సుమారు 3.7 శాతమే. పాత పరిశీలనలను కొత్త పద్ధతిలో సవరిస్తే 1978లోనే దాదాపు 4,800 ఉన్నట్టు తేలింది. అంటే నిషేధానికి ఆధారమైన లెక్కలోకి సగానికి పైగా తిమింగలాలు రానే లేదు. ముందే వేటగాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ గ్రామాలు అంత కష్టపడాల్సిన పని ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఏడాదికి 67 తిమింగలాల మీద హార్పూన్ దెబ్బ వేయడానికి అనుమతి ఉంది. 17 వేలకు 3.7 శాతమంటే ఏటా 600కు పైగా పెరుగుదల, అదీ వేటలో పోయినవి పోగా.

2019లో మంచు మీది నుంచి లెక్కపెడితే 12,500 దగ్గర ఆగింది.  కానీ ఆ ఏడాది తిమింగలాలు మామూలు దారి కన్నా దూరంగా వెళ్లాయి. అదే ఏడాది విమానం నుంచి చేసిన సర్వేలో అంచనా 17 వేల పైనే వచ్చింది.