తలరంగుకు ముందు చర్మ పరీక్ష

నెరసిన జుట్టుకు వేసే శాశ్వత రంగులలో ఎక్కువగా ఉండేది పారాఫినిలిన్ డయమిన్ అనే రసాయనం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి వెంట్రుక లోపలే నల్లబడే ఈ పదార్థం కొందరి చర్మానికి సరిపడదు. దురద, వాపు, పొక్కులు వస్తాయి. ఏళ్ల తరబడి హాయిగా వాడినవారికీ ఒకనాడు ఇది ఎదురుకావచ్చు. వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు. ఐరోపా యూనియన్ నిబంధనల ప్రకారం తలకు పట్టించే మిశ్రమంలో దీని మోతాదు 2 శాతం మించరాదు.

చెవి వెనుక లేదా ముంజేతి లోపలివైపు కొద్దిగా పూసి 24 గంటలు వేచి చూడాలని, వాడిన ప్రతిసారీ ఈ పరీక్ష చేసుకోవాలని తెలిపే సూచనలు పెట్టెలో ఆంగ్లంతో పాటు స్థానిక భాషలలోనూ ఉండాలన్నది మన దేశ నిబంధన. అయితే జంషెడ్‌పూర్‌లో స్థానిక భాష అంటే హిందీ. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో హిందీ చదవలేని పెద్దలకు పిల్లలే చదివి చెప్పాలి. కనుబొమలకు పూస్తే చూపే పోవచ్చన్న హెచ్చరికా అందులోనే ఉంటుంది.